పాపిడి కొండల మజిలీలు

రాజమండ్రి రేవు నుంచి గోదావరికి ఎదురుగా నూరు మైళ్లకు పైగా వెళితే భద్రాచలం వస్తుంది. ఈ దారిలో తొలి భాగం బయలు నది. పట్టిసీమ, పోలవరం దాటే వరకు రెండు గట్లూ దూరదూరంగా ఉంటాయి, మధ్యలో లంకలు, ఇసుక మేటలు. ఆ తర్వాత తూర్పు కనుమలు నదికి అడ్డం వస్తాయి. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరికి సముద్రం చేరే ముందు ఎదురయ్యే చివరి గోడ ఇదే. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన నీళ్లన్నీ ఆ గోడలోని ఒకే సందులోంచి బయటికి రావాలి. మైలుకు మించిన వెడల్పుతో పారే నది ఇక్కడ కొన్నిచోట్ల రెండు వందల గజాలకు కుంచించుకుపోతుంది. తల దువ్వి తీసిన పాపిడిలా కొండలను నది రెండుగా చీల్చింది కాబట్టి ఇవి పాపిడి కొండలని, ఆ మాటే వాడుకలో పాపికొండలైందని గోదావరి వాసులు చెబుతారు. దొరలు మాత్రం ఈ అడవుల్లో తిరిగే అడవిదున్నలను చూసి బైసన్ హిల్స్ అని రాసుకున్నారు. కింద పడవలో కూర్చున్నవాడికి పాపిడి కనిపించింది, పైన తుపాకీ పట్టుకుని తిరిగినవాడికి దున్న కనిపించింది.

ఈ కొండలను ఒక్క రోజులో దాటడం ఇటీవలి మాట. అంతకు ముందు ఇది రోజుల తరబడి సాగే ప్రయాణం. పగలు నడక లేదా పడవ, రాత్రి ఇసుక తిన్నె మీదో చెట్టు కిందో బస. అలా ఆగే చోటిని తెలుగువారు మజిలీ అన్నారు. గోదావరి సీమకు చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు తన కథల సంపుటాలకు ‘కాశీ మజిలీ కథలు’ అని పేరు పెట్టారు. మణిసిద్ధుడనే యతి ఒక గోపబాలుణ్ని వెంటబెట్టుకుని కాశీకి నడుస్తూ, మజిలీ మజిలీకి ఒక కథ చెబుతాడు. దారి తెలిసినవాడు ముందు, తెలియనివాడు వెనక, రాత్రికి ఒక బస, బసకొక కథ. నడక ప్రయాణం తెలుగువారి ఊహలో ఇలాగే ఉండేది. కథలో దారి తెలిసినవాడు యతి. పాపికొండల్లో దారి తెలిసినవాడు కొండరెడ్డి, కోయ, పల్లెకారు పడవవాడు. యాత్రికులు, అధికారులు, తిరుగుబాటుదారులు, పరిశోధకులు, చివరికి పర్యాటకులు, ఎవరు ఈ కొండల్లోకి వెళ్లినా ఆ మనుషుల వెనకే వెళ్లారు. దారి చూపినవాళ్లకు ఏం ముట్టింది, అసలు ముట్టిందా అన్నది మాత్రం కాలాన్ని బట్టి మారింది.

అన్నిటికన్నా పాతది భద్రాద్రి యాత్ర. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాక, చైత్రమాసంలో జరిగే కల్యాణానికి డెల్టా నుంచి జనం కదలడం మొదలైంది. శ్రీరామనవమి నాటికి వరి కోతలు, నూర్పిళ్లు ముగిసి రైతుకు తీరిక దొరుకుతుంది. కానీ ఆ రోజుల్లో నదిలో నీరు తక్కువ. గూటి పడవలో బియ్యం, పప్పు, చింతపండు, వంటపాత్రలు సర్దుకుని, ముసలివాళ్లను, పిల్లలను గూటి కింద కూర్చోబెట్టి బయలుదేరేవారు. ఎండాకాలపు పైరగాలి దక్షిణం నుంచి వీస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే గెడ వేసేవారు. అదీ సాగని చోట పడవవాళ్లు ఒడ్డుకు దూకి, తాడు భుజాన వేసుకుని, రాళ్ల మీద వంగి నడుస్తూ పడవను లాగేవారు. ఇసుక మేటకు తట్టుకుంటే మగవాళ్లంతా మోకాటి లోతు నీళ్లలోకి దిగి నెట్టవలసిందే. నీరు ఎక్కడ లోతు, ఏ వరదకు మేట ఎటు జరిగింది, ఏ రాయి నీటి కింద దాక్కుంది అన్న లెక్క ఏ పటంలోనూ ఉండదు. ఏడాదికోసారి నది తన అడుగును తానే మార్చుకుంటుంది. చుక్కాని పట్టినవాడు నీటి రంగును, సుడిని, నురగను చూసి దారి పట్టేవాడు.

పొద్దు వాలే వేళకు పడవ ఆపే చోటికీ ఒక లెక్క ఉండేది. కొండ వాగు వచ్చి నదిలో కలిసే చోట మంచినీళ్లు దొరుకుతాయి, ఇసుక తిన్నె మెత్తగా ఉంటుంది. అడవి మరీ దగ్గరగా ఉండకూడదు, పులి, చిరుత నీళ్లకు దిగే దారి కాకూడదు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి, అడ్డాకుల విస్తళ్లు, భోజనాలయ్యాక నెగడు. నెగడు ఆరకుండా వంతులు వేసుకుని మేలుకునేవారు. నేటి పర్యాటక సంస్థలు క్యాంప్ ఫైర్ అని పిలిచేది ఇదే. అప్పట్లో వేడుకగా కాక, తెల్లవారేదాకా బతికి ఉండడం కోసం వేసేవారు.

భద్రాచలానికి, రాజమండ్రికి ఉన్న బంధం భక్తితో ఆగలేదు. నిజాం ఏలుబడిలో ఉన్న గోదావరి ఎడమ గట్టు తాలూకాలు 1860లో ఆంగ్లేయుల చేతికి వచ్చాయి. మొదట మధ్య పరగణాల్లో ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. అప్పటి నుంచి 1959లో ఖమ్మం జిల్లాకు మారేదాకా భద్రాచలం గోదావరి మండలంలోనే ఉంది. కోర్టు వ్యవహారమైనా, ఖజానా పెట్టె అయినా, బదిలీ మీద వెళ్లే బడిపంతులు సంసారమైనా ఈ సందులోంచే పైకి పోవాలి. ఎదురు గట్టు చాలా భాగం నిజాం రాజ్యం. పడవ ఎడమకు ఒరిగితే ఒక ప్రభుత్వం, కుడికి ఒరిగితే ఇంకొకటి.

ఈ జలమార్గాన్ని దేశానికే రాజమార్గం చేయాలని ఒక కల పుట్టింది. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్టను 1852కి ముగించిన ఆర్థర్ కాటన్ దృష్టి అక్కడితో ఆగలేదు. బేరారు, నాగపూరు ప్రాంతపు పత్తి ఎడ్లబండ్ల మీద నెలల తరబడి బొంబాయికి చేరే బదులు, గోదావరి మీదుగా కాకినాడ రేవుకు దిగాలని ఆయన వాదించాడు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టరు మిల్లులకు పత్తి కరువైన 1860ల్లో ఆ వాదానికి బలం చేకూరింది. పాపికొండల సందు కన్నా పైనున్న రాతి అడ్డంకులే ఈ పథకానికి అసలు చిక్కు. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇచ్చంపల్లి దగ్గర రెండోది, దేవలమర్రి దగ్గర మూడోది, ఒక్కొక్కటి మైళ్ల పొడవున నదిని తెగ్గొట్టి ఉంటాయి. వాటి పక్కన కాలువలు తవ్వి, లాకులు కట్టి పడవలను ఎక్కించాలన్నది ఆలోచన. ఎఫ్.టి. హేగ్ అనే ఇంజినీరు ఏళ్ల తరబడి దుమ్ముగూడెంలో మకాం వేసి పని చేయించాడు. కూలీలు జ్వరాలతో రాలిపోతుంటే పని సాగడమే గగనమైంది. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తికి నదితో పని లేకపోయింది. 1871లో ప్రభుత్వం పనులు ఆపేసింది. దుమ్ముగూడెంలో ఆ ఆనకట్ట, లాకుల కట్టడం మిగిలాయి. భద్రాచలం వచ్చినవాళ్లలో అక్కడిదాకా వెళ్లి చూసేవారు తక్కువ. ధవళేశ్వరం కాటన్‌కు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్న డెల్టా, ఆయన ఓడిపోయిన ఆ చోటును కూడా ఒకసారి చూడవలసింది.

నీటి దారి కథ అలా ఉండగా, కొండల మీది కాలిబాటల కథ వేరు. నదికి తూర్పున రంప, చోడవరం, గూడెం వైపు వెళ్లే దారులకు పడవ లేదు. అక్కడ అధికారి పర్యటన అంటే డేరాలతో సాగే దండయాత్ర వంటిది. కలెక్టరు, ఆయన గుమాస్తాలు, దఫ్తరాల పెట్టెలు, వంట సామాను, మడత మంచం, మడత బల్ల, గుర్రానికి ఉలవలు, అన్నీ కొండ ఎక్కాలి. కార్యస్థానం విడిచి బయట మకాం వేయడాన్ని ఇప్పటికీ తెలుగు కచేరీల్లో క్యాంపు అంటారు. కలెక్టరు క్యాంపులో ఉన్నారంటే ఊళ్లో లేరని అర్థం. ఆ మాట వెనక ఉన్న గుడ్డ డేరాలు పోయినా మాట నిలిచింది.

మైదానంలో ఇలాంటి ప్రయాణానికి ఒక మర్యాద ఉండేది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, కోస్తా మీదుగా తిరిగి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. పెద్ద పరివారంతో, బోయీలతో, డేరాలతో సాగిన ఆ యాత్రను రోజువారీగా రాసి పెట్టాడు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా అన్న వివరాలు అందులో కొల్లలు. తెలుగులో ప్రయాణ సాహిత్యానికి అది తొలి గ్రంథాల్లో ఒకటి. మోసినవాళ్లకు కూలి ఇవ్వడం ఆ యాత్రలో మామూలు విషయం.

కొండల మీద, అంటే మన్యంలో, ఆ మామూలు చెల్లలేదు. అధికారి సామాను మోయడం కొండవాళ్లకు వెట్టి. పోలీసు జవాను వచ్చినా, అటవీ గార్డు వచ్చినా, సర్వే సిబ్బంది వచ్చినా ఊరి పెద్ద కొంతమంది మనుషుల్ని ఇవ్వాలి. వాళ్లు ఈ ఊరి నుంచి పై ఊరి దాకా కావడి మోసి దించితే, అక్కడివాళ్లు ఎత్తుకోవాలి. కాళ్లు నడవని దొరకు డోలీ. పోడు కొట్టవలసిన రోజుల్లో, గింజ చల్లవలసిన రోజుల్లో కూడా పిలుపు వస్తే పోవలసిందే. కొండ ప్రయాణపు చరిత్రలో డేరా బొమ్మ అందరికీ కనిపిస్తుంది, దాన్ని మోసిన భుజం కనిపించదు.

ఆ భుజాలు తిరగబడ్డాయి. 1879 మార్చిలో రంపలో మొదలైన పితూరీకి కారణాలు అనేకం. రంపను ఏలే మన్సబుదారు దోపిడీ, జీలుగు, తాటి కల్లు గీసుకుంటే వేసిన చిగురు పన్ను, పోలీసుల లంచాలు, మైదానపు వర్తకులు కోర్టుల్లో గెలుచుకున్న డిక్రీలు. కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదారుల నాయకత్వంలో లేచిన తిరుగుబాటు గూడెం, భద్రాచలం వైపులకూ పాకింది. అణచడానికి వచ్చిన సైన్యానికి శత్రువు కన్నా దారే పెద్ద కష్టమైంది. బాట తెలిసినవాళ్లంతా అవతలి పక్షంలో ఉన్నారు. 1880లో తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన కారం తమ్మన్నదొర మరణంతో పితూరీ సద్దుమణిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకు, కలపకు కొత్త హద్దులు గీసింది. కష్టం తగ్గకపోగా ఇంకో రూపం పొందింది.

1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికి వెట్టి రోడ్డు పని నేరుగా నిప్పు పెట్టింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను సరైన కూలి లేకుండా వాడుకున్నాడు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడులు. ఆ వేగం వెనక ఉన్నది కాలిబాటల జ్ఞానం. పోలీసు పటంలో ఉన్న దారి వంపులు తిరుగుతూ వెళితే, కొండవాడి దారి గొందిలోంచి, వాగు వెంట, నేరుగా పోతుంది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయింది అలాంటి ఇరుకు దారిలోనే. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దళాలు వచ్చాయి. 1924 మే 7న రాజును కాల్చి చంపేదాకా దాదాపు రెండేళ్లు సాగిన ఆ పోరులో, ప్రతి రాత్రి ఒక మజిలీ, ప్రతి మజిలీకి ఒక కొండ ఊరి అన్నం.

అందరినీ ఒకేలా చూసినది జ్వరం. మన్యపు జ్వరం పేరు చెబితే ఉద్యోగులు బదిలీ తప్పించుకోవడానికి తంటాలు పడేవారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. అయినా దోమతెర, క్వినైను బిళ్ల కొండ దాకా చేరడానికి చాలా కాలం పట్టింది. క్యాంపు పెట్టెలో మొట్టమొదట సర్దుకునే వస్తువు క్వినైను సీసా.

వెట్టి చేయించుకోకుండా, తుపాకీ పట్టకుండా, కొండవాళ్ల జీవితం తెలుసుకోవడం కోసమే ఈ కొండల్లో మకాం వేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన ఈ మానవశాస్త్రవేత్త, రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేటప్పటికి భారతదేశంలో ఉండడంతో శత్రుదేశపు పౌరుడిగా లెక్కకు వచ్చాడు. చెరసాలలో పెట్టే బదులు హైదరాబాదు రాజ్యంలో ఉండనిచ్చారు. నిజాం ప్రభుత్వం అడవి జాతుల మీద పరిశోధన చేయనిచ్చింది. మొదట నల్లమల చెంచులు, ఆ తర్వాత పాపికొండల రెడ్లు. 1941 ప్రాంతంలో భార్య బెట్టీతో కలిసి పేరంటపల్లి, కొయిదా చుట్టుపక్కల కొండ ఊళ్లలో తిరిగాడు. నది వెంట పడవ, పైకి నడక. దారి చూపేవాళ్లూ, సామాను మోసేవాళ్లూ, కథలు చెప్పేవాళ్లూ ఒక్కరే: కొండరెడ్లు. ఆ మకాముల్లోంచి వచ్చిన పుస్తకం ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ 1945లో అచ్చయింది.

ఆ పుస్తకం విలువ ఏమిటంటే, కొండను దృశ్యంగా కాక బతుకుతెరువుగా చూసింది. నిలువు వాలులో చెట్లు నరికి, కాల్చి, కర్రతో గుంట పొడిచి జొన్న, సామ గింజలు వేసే పోడు వ్యవసాయం అందులో ఉంది. గింజ చాలని నెలల్లో మనుషులు జీలుగు చెట్టును ఎలా నమ్ముకుంటారో ఉంది. ఆ చెట్టు కల్లు మత్తు కోసం తాగేదని మైదానం అనుకుంటుంది. కొండరెడ్డికి కొన్ని వారాలపాటు అదే ఆహారం. మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, చేదు పోగొట్టి, పిండి చేసి జావ కాచుకోవడం కూడా ఈ కొండల వంటే. వాళ్లకు వేరే భాష లేదు, తెలుగే మాతృభాష. మన్యంలో చాలా జాతులకు సొంత భాషలుండగా, కొండరెడ్లు తరతరాలుగా మాట్లాడేది తెలుగే. నేటి ప్రభుత్వ లెక్కల్లో వాళ్లు ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన సమూహం.

కొండ దిగి నదిగట్టుకు చేరిన రెడ్ల సంగతి హైమన్‌డార్ఫ్‌ను ఎక్కువ బాధపెట్టింది. వెదురు, కలప కాంట్రాక్టర్లు ముందుగా కొంచెం ధాన్యం, కొంచెం గుడ్డ అప్పు ఇచ్చి, తీరని బాకీ కింద ఏళ్ల తరబడి పని చేయించుకునేవారు. నరికిన వెదురును తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే, అది పాపిడి సందు దాటి రాజమండ్రి చేరేది. ఆ ఊరి కలప అడితులూ, కాగితపు మిల్లూ ఈ కొండల మీదే బతికాయి. భద్రాద్రి యాత్రికులు పైకి వెళుతుంటే ఎదురుగా కిందికి వచ్చే తెప్పలను చూసి సంబరపడేవారు. ఆ తెప్ప మీద నిలబడ్డ మనిషి బాకీ ఎంతో అడిగినవాడు లేడు. 1945లో నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది. ఆయన తీసిన ఫొటోలు, చిత్రాలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు నీటి పాలవుతున్న ఊళ్లకు అవి విలువైన సాక్ష్యం.

అదే కాలంలో పేరంటపల్లికి ఇంకో తరహా మజిలీగా పేరు వచ్చింది. బాలానంద స్వామి అనే సాధువు నది మీదుగా వచ్చి అక్కడ స్థిరపడి, రెడ్ల సాయంతో శివాలయాన్ని, రామకృష్ణ మునివాటాన్ని నిలబెట్టారు. కొండ మీది నుంచి సన్నగా దిగే సెలయేరు పక్కన, చెట్ల నీడన ఉండే ఆ ఆశ్రమం దగ్గర పడవ ఆగకుండా పోవడం ఆనవాయితీ కాదు. మందు కావలసిన కొండవాళ్లు, మౌనం కావలసిన పట్నవాసులు ఒకే మెట్ల మీద కూర్చునేవారు. నేటికీ ఈ దారిలో వెళ్లే పడవలు ఎక్కువగా అక్కడే మలుపు తిరిగి వెనక్కి వస్తాయి.

ఈ ప్రయాణం స్వభావాన్ని మార్చింది ఒక వంతెన. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వారధి తెరిచారు. కొత్తగూడెం దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, రాముడి గుమ్మంలో దిగడం. డెల్టా యాత్రికులు కూడా క్రమంగా రోడ్డు పట్టారు. తెరచాప పడవలు పోయి ఇంజను లాంచీలు వచ్చాయి. వాటిలో ఎక్కేది ఎక్కువగా రోడ్డు లేని కొండ ఊళ్ల జనమే. సంతకు మిరపకాయలు, చింతపండు, కొండచీపుర్లు దించుకుని, ఉప్పు, కిరసనాయిలు ఎక్కించుకుని తిరిగేవారు. టపా సంచి, కానుపు నొప్పులు పడుతున్న ఆడమనిషి, బడి పుస్తకాలు, పెళ్లివారు, అంతా ఆ లాంచీలోనే.

అవసరం తగ్గిపోతున్న రోజుల్లో ఈ దారి అందం తెరకెక్కింది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ రాయగా బాపు తీసిన ‘అందాల రాముడు’ 1973లో వచ్చింది. కథ అంతా రాజమండ్రి నుంచి భద్రాచలానికి పోయే పడవలోనే నడుస్తుంది. వంటలు, తగువులు, పేకాటలు, ప్రేమలు, ఒడ్డున మజిలీలు, అంతరించిపోతున్న భద్రాద్రి పడవ సంసారం మొత్తం ఆ చిత్రంలో భద్రమైంది. మూడు దశాబ్దాల తర్వాత 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అదే దారిని కొత్త తరానికి చూపించింది. తాత ముత్తాతలు పుణ్యం కోసం వెళ్లిన చోటికి మనవలు సెలవు రోజుల్లో వెళ్లడం మొదలుపెట్టారు. ఈ రెండు సినిమాలకు ఈ దారి చరిత్రలో చోటు ఉండి తీరాలి. వేల మందిని పడవ ఎక్కించినవి అవే.

అలా పుట్టిన పర్యాటకం పాత మజిలీని తిరిగి తెచ్చింది. రెండు రోజుల యాత్రలో తొలి రాత్రి బసకు కొల్లూరు ఇసుక తిన్నెలు కుదిరాయి. కొండవాగు నదిలో కలిసే చోట వెదురు గుడిసెలు వేసి, పడుకోవడానికి పరుపు, తినడానికి వేడి అన్నం, చీకటి పడ్డాక నెగడు. పూర్వం యాత్రికులు బస ఎంచుకున్న లెక్కే ఇక్కడా పనిచేసింది: వాగు, ఇసుక, కొంచెం బయలు. వరదల కాలంలో గుడిసెలు విప్పేసి, నీరు తీశాక మళ్లీ కట్టేవారు. వండినవాళ్లు, గుడిసె కట్టినవాళ్లు, వాగు వెంట నడిపించి జలపాతం చూపినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల కొండరెడ్లు, కోయలు. ఈసారి వెట్టి లేదు, కూలి ఉంది. గుడిసె యాజమాన్యం మాత్రం చాలావరకు కిందివాళ్లదే.

ఎడమ గట్టున, కొండల మీద ఇంకో పద్ధతి రూపుదిద్దుకుంది. మారేడుమిల్లి చుట్టూ అటవీ శాఖ వన సంరక్షణ సమితుల ద్వారా గిరిజనులే నడిపే విడుదులను పెట్టించింది. వాగు ఒడ్డున గుడారాల్లో బస, ఊరి కుర్రవాళ్ల వెంట అడవి నడక, వచ్చిన ఆదాయంలో సమితికి వాటా. గుడిసె అనే గడ్డి మైదానపు కొండ తలం మీద తెల్లవారు మబ్బును చూడడానికి రాజమండ్రి, కాకినాడ కుర్రకారు కట్టే క్యూలు ఇటీవలివి. మారేడుమిల్లి దారిలో అమ్మే బొంగులో చికెన్ కూడా ప్రయాణపు వంటే. పాత్ర మోయకుండా అడవిలో వండుకోవడానికి, అక్కడే నరికిన పచ్చి వెదురు గొట్టం కన్నా తేలికైన సాధనం లేదు. నదికి రెండు వైపులా ఉన్న అడవిని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2008లో పాపికొండ జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రదేశంలో పులి, అడవిదున్న కలిసి మిగిలిన కొద్ది చోట్లలో ఇది ఒకటి.

నది మాత్రం పాత నదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల ఎత్తుకు లేచిన గోదావరి, 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. అంత నీరూ ఈ ఇరుకులోంచే దిగాలి కాబట్టి, వరద రోజుల్లో సందులో సుడులు లేస్తాయి, ప్రవాహం గోడకు కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. అనుభవమున్న సరంగులు ఆ రోజుల్లో లంగరు ఎత్తేవారు కాదు. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగి కొండ ఊళ్ల ప్రయాణికులు చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న, వరద ఇంకా తగ్గకుండానే, గండి పోచమ్మ రేవు నుంచి 77 మందితో బయలుదేరిన పర్యాటక పడవ కచ్చులూరు దగ్గర సుడిలో చిక్కి తిరగబడింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లలో చాలామందిని నీటిలోంచి లాగింది కచ్చులూరు గిరిజనులు, తమ చిన్న నాటు పడవల మీద. నది అడుగున కూరుకుపోయిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, ఇనుప తాళ్లతో, లంగర్లతో, అనుభవంతో, అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది. నదిని చదవడం తెలిసినవాడి మాటను టిక్కెట్టు వేళ వినని రోజున ఏమవుతుందో ఆ నెల రోజులూ రాష్ట్రం అంతా చూసింది.

ఆ తర్వాత పడవలు ఆగిపోయాయి. నది వెంట కంట్రోల్ రూములు పెట్టి, ప్రయాణికుల లెక్క, లైఫ్ జాకెట్లు, ఇంజను, నీటిమట్టం తనిఖీ చేశాకే పడవ వదలాలన్న నియమాలు వచ్చాయి. 2021లో ప్రయాణాలు తిరిగి మొదలయ్యాయి. నీటిమట్టం పెరిగితే ఆపడం ఇప్పుడు రివాజు.

ఈలోగా దారే మారిపోయింది. కొండల గుమ్మంలో కడుతున్న పోలవరం ప్రాజెక్టు 2014లో జాతీయ ప్రాజెక్టైంది. ముంపు ప్రాంతాలను ఒకే రాష్ట్రం కింద ఉంచడానికి అదే ఏడాది కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. భద్రాచలం పట్టణం మాత్రం అవతలే ఉండిపోయింది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. లెక్కల ప్రకారం లక్షకు పైగా కుటుంబాలు ఇల్లు వదలాలి. 2021 జూన్‌లో ప్రవాహాన్ని స్పిల్‌వే మీదికి మళ్లించాక, ఎగువన వెనుక నీరు నిలవడం మొదలైంది. దేవీపట్నం ఊరు నీట మునిగింది. గండి పోచమ్మ గుడి వరద వచ్చిన ప్రతిసారీ నీళ్లలో నిలబడుతోంది. తాడు లాగిన పడవవాళ్లు నడిచిన గట్టు బాట, సంత లాంచీ ఆగిన రేవులు, వాగు నోటి దగ్గర ఇసుక తిన్నెలు ఒక్కొక్కటిగా నీటి కిందికి పోతున్నాయి. కొందరు కొండరెడ్లకు మైదానంలో వరుసలుగా కట్టిన పునరావాస కాలనీల్లో ఇళ్లు వచ్చాయి. జీలుగు చెట్టు, పోడు చెలక, మామిడి తోపు వాళ్లతో పాటు రాలేదు.

ఇప్పుడు రాజమండ్రి నుంచి వచ్చే పర్యాటకులు గండి పోచమ్మ దగ్గర పడవ ఎక్కి, పాపిడి సందు చూసి, పేరంటపల్లిలో దిగి, సెలయేటి నీళ్లు తాగి, పొద్దు గూకే వేళకు తిరిగి వస్తారు. వి.ఆర్. పురం మండలంలోని పోచవరం వైపు నుంచి ఇంకొన్ని పడవలు కిందికి వస్తాయి. సందులోకి అడుగుపెట్టగానే పడవ మీది గైడు మైకు పట్టుకుని ఎడమ గట్టు కొండల పేర్లు, కుడి గట్టు కొండల పేర్లు, మునిగిన ఊళ్ల పేర్లు వరుసగా చదువుతాడు. చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగు అవేమీ వినడు. అతని చూపు నీటి రంగు మీద ఉంటుంది.